పాలు కారని కలేపండు

కలేపండు వద్దనే మనిషిని నేను నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె మా అక్క దీనమ్మ.

కలేపొద ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నడుమెత్తు పొద. ముల్లు చీలి రెండు కొమ్ములుగా ఉంటుంది. ఆకు మందం, ముదురు పచ్చ. చుట్టూ గడ్డి ఎండి బూడిద రంగుకు తిరిగినా ఇది ఆకు రాల్చదు. నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా ఎండాకాలం చివర్లో కాస్తుంది. కాయ పచ్చగా మొదలై, ఎర్రబడి, పండితే నల్లగా నేరేడుపండులా మెరుస్తుంది. కాయను తుంచితే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారి పెదవులకు బంకలా అంటుకుంటాయి. బాగా పండినదానికి పాలు ఉండవు. మా వైపు ఈ రుచి తెలియకుండా పెరిగిన పిల్ల ఉండదు.

అక్క తినకపోవడానికి కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆమె, మా బావ కుప్పం వైపు రాయి కొట్టే పనికి వెళ్ళారు. అక్కడ గుడిసెలోనే ఆడపిల్ల పుట్టింది. ఇంకా పేరు కూడా పెట్టకముందే పోయింది. నక్కలు తవ్వకుండా ఆ వైపు ఒక పద్ధతి ఉంది. బిడ్డను పెట్టిన చోట రాళ్ళు పేర్చి, కలేమొక్కను వేరుతో పెళ్ళగించి తెచ్చి నాటుతారు. ఆ పొద కాపు ఎవరైనా తినవచ్చు, తల్లి మాత్రం తినకూడదు. తింటే బిడ్డ పిలుస్తుంది. పిలిస్తే పోవలసిందే. ఏ పండు ఏ పొదదో సంతలో ఎవరికి తెలుస్తుంది? అందుకని అక్క అసలు కలేపండే మానేసింది.

ఈ ఏడు మృగశిర దాటినా వాన పడలేదు. అక్క మంచం పట్టింది. పెద్ద జబ్బేమీ లేదన్నారు డాక్టర్లు. కానీ ఆమె నోరు కట్టేసుకుంది. గంజి పెడితే పక్కకు తిరిగేది. ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని అంది:

"శాంతీ, నా బిడ్డ కలే ఉండాదే. ఆడికి పోయి ఒక పండు తెచ్చి పెట్టు. అది తింటా."

అడుగుతున్నది పండు కాదని నాకు తెలుసు. తెస్తే నా చేత్తో పంపినట్టు. తేకపోతే ఆకలితో పోతుంది.

మదనపల్లె

నేను ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాతే, చర్చిలో సాయంత్రాలు ఆడవాళ్ళకు చెప్పే క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని బస్టాండులో ఎవరినీ అడగకుండా బోర్డు చదువుకుని దూరం బస్సు ఎక్కడం నాకు ఇదే మొదలు. ఆ సంతోషం ఉండాల్సింది. లేదు. ఒళ్ళో ఖాళీ స్టీలు డబ్బా పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. అక్క దగ్గర పక్కింటి రాణి ఉంటానంది.

దారి పొడుగునా గుట్టలు ఎండి ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపులో అక్కడక్కడ ముదురు పచ్చటి ముద్దలు. అన్నీ కలేపొదలే. ఇన్నాళ్ళూ ఆ గుట్టల మీద నేను పచ్చదనమే చూశాను. ఆ రోజు మాత్రం ఒక్కో పొద కిందా ఏముందో అని చూశాను.

పుంగనూరు సంత

నిజం చెబుతాను. నేను కుప్పం దాకా పోదలుచుకోలేదు. పుంగనూరు సంతలో ఒక గ్లాసు పండ్లు కొని, ఒక రోజు ఆగి ఇంటికి పోయి, ఇదిగో నీ పొదవే అని చెబుదామనుకున్నాను.

ముందు ఆకలి తీర్చుకున్నాను. చిన్న హోటల్లో రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, నలభై రూపాయలు. మా ఇంట్లో సంగటిని ముద్ద కడితే వేలికి అంటదు. వాళ్ళది మెత్తన. వడ్డించిన ఆవిడతో అంటే, "నోట్లో పండ్లు లేని ముసిలోళ్ళు ఎక్కువమ్మా మాకు" అని నవ్వింది.

సంత చివర మర్రాకు పరుచుకుని ఒకావిడ కలేపండ్లు అమ్ముతోంది.

"ఎట్లమ్మా?"

"గ్లాసు ఇరవై. తిని సూడు. పులుపుంటే ఉమ్మేసి పో, దుడ్లు వద్దు."

గ్లాసు నింపి, పైనున్న ఒక పండు తీసి, చూడకుండానే భుజం మీదుగా వెనక్కి విసిరింది.

"అదేందమ్మా?"

"అది చెట్టుది."

"చెట్టు యాడుండాది ఈడ?"

"యాడున్నా దానిది దానికే. మదనపల్లెలో టమోటా బండి ఎనకాల ఏరుకోని పొయ్యేవాళ్ళు లేరా? అట్లే ఇదీ. ఎవురో ఏరుకుంటారు."

నవ్వుతూ ఆవిడ వెనక్కి చూశాను. వెనక ఉప్పు మూటల వరకూ ఖాళీ నేల. పండు లేదు. సంత కదా, ఏ కాలికో తగిలి ఉంటుంది అనుకున్నాను.

డబ్బా మూత తీస్తూ ఊరికే అడిగాను. "ఈ గుట్టల పండుకూ కుప్పం గుట్టల పండుకూ రుచిలో తేడా తెలుస్తాదా?"

ఆవిడ చేతిలో గ్లాసు ఆగింది.

"ఎవురికి?"

"మా అక్కకు."

"ఆయమ్మ కలే కింద బిడ్డను పెట్టిందా?"

తలూపాను. ఆవిడ గ్లాసులో పండ్లు మళ్ళీ బుట్టలో పోసేసింది. నేనిచ్చిన ఇరవై తిరిగి నా చేతిలో పెట్టింది.

"మోసం సెయ్యాలనుకుంటే రేగుపండ్లతో సెయ్యి తల్లీ. కలేతో వద్దు. వినేవాళ్ళు ఉంటారు" అంది. తర్వాత నా వైపు చూడనే లేదు.

వి.కోటలో ఒక పూట

వి.కోటలో మా మరిది కూతురు సరళ ఉంది. బడిలో టీచరు. ఆ ఊళ్ళో మాట నాకు వింతగా ఉంటుంది. ఒకే వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో నడిచి అరవంలో ఆగుతుంది. సరళ సొప్పుసారు పెట్టింది. ఆకుకూరలు ఉడికించిన నీళ్ళతోనే చారు చేస్తారు. మనం చింతపండు వేస్తాం, వాళ్ళు తేలిగ్గా వదిలేస్తారు. నాకు రెండో ముద్దకు నచ్చింది.

వచ్చిన పని చెబితే సరళ పడీ పడీ నవ్వింది.

"పెద్దమ్మా, పీనుగులకు పక్కలు సర్దిన చేతులు నీవి. పొదకు భయపడతావా?"

"పీనుగు పిలవదు కదే."

"ఇదీ పిలవదు. పండు కోసుకో, కడిగి పెట్టు. విటమిన్ సి."

మేము మాట్లాడుతుంటే దాని బిడ్డ పాక్కుంటూ నా సంచి దగ్గరికి పోయింది. ఇంకా మాటలు రాని పిల్ల. ఖాళీ డబ్బా లాక్కుని, మూత ఊడదీసి, లోపలికి చూసి కిలకిలా నవ్వింది. ఏదో అందుకున్నట్టు గుప్పిట మూసింది. ఆ గుప్పిట తెరిచి ఎవరికో ఇచ్చినట్టు చెయ్యి చాచింది. మళ్ళీ లోపలికి చూసింది. నేను మూత పెట్టబోతే బిక్కచచ్చినట్టు చూసి ఏడుపు అందుకుంది. మూత తీస్తేనే ఆపింది.

"స్టీలు సల్లగుండాది కదా, అందుకే" అంది సరళ. అన్నాక బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఆ గదిలోకి తీసుకురాలేదు.

నాకు పిల్లలు లేరు. పిల్లలు దేనికి నవ్వుతారో నాకంటే తల్లులకు బాగా తెలుసు.

కుప్పం దాటి

కుప్పం బస్టాండులో పళ్ళు అమ్మే అతన్ని కలేపండ్లు అడిగితే, "కలాక్కాయా?" అన్నాడు అరవంలో. పక్క బండి అతను "కవళికాయ అప్పా" అని కన్నడంలో దిద్దాడు. ఒక పొదకు మూడు భాషలు. ఇద్దరి దగ్గరా లేవు. కోసేవాళ్ళు తగ్గారట.

అక్కడినుంచి, అక్క గుర్తుగా చెప్పిన గుండు, అంటే పెద్ద బండరాయి, దగ్గరికి పోవాలని చెప్పి ఆటోలో వెళ్ళాను. ఊరి పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. దిగేటప్పుడు చెప్పు తెగింది. ఆటో అతను సీటు కింద నుంచి కరెంటు తీగ ముక్క తీసి కట్టి ఇచ్చాడు. "ఈడ దిగినాక గుండు కాడికి నడిసి పోవాల. ఆటో రాదు" అన్నాడు. దారి బాగానే ఉంది. ఎందుకు రాదని అడిగితే, "ఆడ బండి స్టార్టు కాదు" అన్నాడు. అంతే.

ఊరి చివరి ఇంటి ముందు మేకలు తోలుకుని ఒక ముసలామె బయలుదేరుతోంది. పేరు మునెమ్మ.

"యావూరమ్మా?"

"మదనపల్లె."

"టమోటా బేరమా?"

"కాదు. కలే కోసం వచ్చినా. మా అక్క బిడ్డది."

కర్ర నేలకు ఆనించి నన్ను కింది నుంచి పైకి చూసింది.

"తల్లి రాలేదా?"

"లేవలేదు."

"రా. మేకలు ఆ దోవనే పోతాండాయి."

చీలిన గుండు

గుట్ట వాలు మీద కలేపొదలు వరసగా ఉన్నాయి. ఎవరో కొలిచి నాటినట్టు. నేలంతా ఎండిపోయి పగిలి ఉంది. ఆ పొదలు మాత్రం అప్పుడే నీళ్ళు చల్లినంత పచ్చగా ఉన్నాయి. ఒక్కోదాని మొదట్లో రాళ్ళు. కొన్నిటి ముళ్ళకు చిన్న గాజులు, గుడ్డ పీలికలు తగిలించి ఉన్నాయి. పండ్లు నల్లగా, బరువుగా, కొమ్మకొమ్మకూ వేలాడుతున్నాయి. ఒక్క పిట్ట లేదు. పండిన పొద దగ్గర పిట్టలు లేకపోవడం నేనెక్కడా చూడలేదు. మేకలు వరస దాకా వచ్చి, నీళ్ళు రాయి దగ్గర చీలినట్టు చీలి, అటూ ఇటూ పోయి, అవతల మళ్ళీ కలిశాయి.

మునెమ్మ ఒక్కో పొద ముందు ఆగి పేరు పెట్టి పిలుస్తోంది. "ఒరే సీనప్పా. మే లచ్చిమీ. ఏం నాయనా ముత్తూ." పిలిచి, ఒక పండు తుంచి, తొడిమ చూసి, నోట్లో వేసుకుంటోంది. పలకరింపుగా, ఇరుగుపొరుగు పిల్లలను పిలిచినట్టే ఉంది.

"పేర్లన్నీ నీకెట్ల తెలుసమ్మా?"

"తల్లులు సెప్పిపోతారు. వాళ్ళు రాలేని ఏడు నన్ను పిలవమంటారు. పిలవకుండా చెయ్యి పెడితే ముల్లు వదలదు."

"తొడిమ యాల సూస్తాండావు?"

"పాలు కారకుంటే బిడ్డ ఒప్పుకున్నట్టు. కారితే ఇంకా పాలు తాగతాండాదని. అప్పుడు తీసుకోకూడదు. పాలు తాగే బిడ్డను కదిలించేది యాడైనా ఉండాదా?"

పండని కాయకే పాలు కారుతాయని నాకు తెలుసు.

అక్క చెప్పిన గుర్తు పెద్ద గుండు. దాని పక్కనే తన పొద. కానీ ఆ గుండు ఇప్పుడు నడిమికి చీలి ఉంది. క్వారీలో మందు పేలినప్పుడు అదిరి చీలిందట. చీలిక మధ్య మనిషి పట్టేంత సందు. దానికి చెరోవైపూ ఒక్కో పొద, ఒకే ఎత్తు, ఒకే పచ్చ.

"ఈ రెండిట్లో మా అక్కది ఏది?"

"ఈ రెండిటికీ పేర్లు లేవమ్మా. ఎవురూ సెప్పలేదు. ఎవురూ రారు. నేను కూడా పిలవను" అంది మునెమ్మ. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "నువ్వు పిలువు. మీ రక్తమే కదా."

కుడివైపు పొద ముందు నిలబడ్డాను. "పాపా" అన్నాను. అంతకు మించి ఏం అనాలో తెలియలేదు. బాగా పండిన పండు, నల్లటిది, మెత్తటిది చూసి తుంచాను. తొడిమ నుంచి పాలు కారాయి. చుక్క కాదు, ధార. నా వేళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా వెచ్చగా పారాయి. ఎండకు వెచ్చబడ్డాయి అనుకున్నాను. ఇంకొకటి తుంచాను. అదీ అంతే.

"వదిలెయ్యి" అంది మునెమ్మ. "తాగతాండాది."

ఆ రెండు పండ్లూ పొద మొదట్లోనే పెట్టేసి ఎడమవైపుకు వచ్చాను. మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను. ప్రార్థన మధ్యలో, నేను తలుచుకోకుండానే, నోట్లోంచి ఒక పేరు వచ్చింది.

"కరుణా."

మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ లేదు. ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు. గాలి లేదు. కానీ పొద లోపలి నుంచి చిన్నగా కదిలింది, నిద్రలో ఒత్తిగిలినట్టు. చెయ్యి చాచాను. ఒక్క ముల్లూ తగల్లేదు. పండు తుంచకముందే నా అరచేతిలోకి జారింది. తొడిమ పొడిగా, శుభ్రంగా ఉంది.

"పలికింది" అంది మునెమ్మ. "పిలిసినావు కదా, ముందు నువ్వొకటి తినాల."

తిన్నాను. అంత తియ్యటి కలేపండు నేనెప్పుడూ తినలేదు. డబ్బాలో కొన్ని వేసుకుని మూత పెట్టాను. తిరిగి వస్తుంటే క్వారీలో మందు పేలింది. మేకలు అదిరాయి, మునెమ్మ అదిరింది. పొదల్లో ఒక్క ఆకూ కదల్లేదు.

తిరిగి ఇంటికి

ఎక్కడా ఆగకుండా వచ్చేశాను. ఆ ఎండలో కలేపండు పూటకే ముడుచుకుపోతుంది. ఇంట్లో డబ్బా మూత తీస్తే అప్పుడే తుంచినట్టు మెరుస్తున్నాయి.

అక్కను గోడకు చేరేసి కూర్చోబెట్టాను. పండు చేతిలో పెట్టాను. పండును నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది.

"ఏమని పిలిస్తివే?"

"కరుణా అని."

పండును డబ్బాలో పెట్టేసింది.

"నా బిడ్డ పేరు అది కాదు."

"దానికి పేరు పెట్టలేదంటివి కదక్కా?"

"ఎవురికీ సెప్పలేదంతే. నేను పెట్టుకోకుండా ఉంటానా?" నా ముఖంలోకి చూసింది. "ఎవురి బిడ్డను తెస్తివే శాంతీ?"

గుండు చీలిన సంగతి, రెండు పొదల సంగతి చెప్పాను. కుడివైపుది పాలు కార్చిందని చెప్పగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. మంచం పట్టిన మనిషి పట్టు కాదది.

"కారిందా? బాగా కారిందా?"

"ధారగా కారిందక్కా. వెచ్చగా."

అక్క చీర కొంగు ఎదకు అదుముకుని కూర్చుంది.

"అదే నాది" అంది చివరికి. "ఇంతకాలమూ తాగతానే ఉండాది. నేను పోకుంటే ఎట్ల మానుతాది? పాలు మాన్పించేది తల్లి కాకుంటే ఎవురే?"

తర్వాత అంది, "గంజి కాంచు."

రెండు గ్లాసులు తాగింది. పక్కింటి రాణి గుమ్మంలో నిలబడి నోరు తెరిచి చూసింది.

"ఈ పండ్లేం చెయ్యమంటావు?" అని అడిగాను.

"నువ్వే తిను. నిన్ను నమ్ముకోని వచ్చినాది."

తిన్నాను. గింజలు పారెయ్యబుద్ధి కాక పెరట్లో దడి పక్కన పూడ్చాను.

ఇది రాసే నాటికి అక్క గోడ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. కాపు అయిపోయే లోపల కుప్పం పోవాలని పట్టు. బిడ్డలకు పాలు మాన్పించేటప్పుడు మన తల్లులు ఎదకు వేపాకు నూరి రాసుకుంటారు కదా, ఆ వేపాకు కూడా రాణి చేత కోయించి పెట్టింది. ఆమెను పంపేది ఆ పండేనని భయపడ్డాను. ఆమెను లేపింది కూడా అదే. మీరెవరైనా ఆ గుట్ట మీదికి పోతే చీలిన గుండు దగ్గర చెయ్యి పెట్టకండి. కుడివైపుది మా అక్కది. ఎడమవైపుదానికి పేరు పెట్టి పిలిచినదాన్ని నేనున్నాను.

నిన్న పొద్దు గూకేవేళ అక్క వాకిట్లో నడుస్తూ నడుస్తూ ఆగింది. తల పక్కకు వంచి, పెరటి దిక్కుకు చెవి పెట్టింది.

"పిలుస్తాండాది" అంది.

"నిన్నా అక్కా?"

"నాది యాడ పిలుస్తాది, నోట్లో చన్ను పెట్టుకోని?" అని నవ్వింది. "నిన్నే. యాల పలకవు?"

నాకేమీ వినబడలేదు. దడి పక్కన నేల ఎండి ఉంది, గింజలు పూడ్చిన చోట మాత్రం తడిగా ఉంది. నేను నీళ్ళు పోయలేదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే వెళ్ళి దించాను. వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"వస్తి, ఉండమ్మా" అన్నాను.